బీడు భూముల్లో కంప తొలగింపుకు పాత కాంపాక్ట్ ట్రాక్ లోడర్: ఎంపికలో గమనించవలసిన అంశాలు

రాయలసీమ మెట్ట పొలాల్లోను, తెలంగాణ చెరువు శిఖాల్లోను, కోస్తా చౌడు నేలల్లోను సాగు విడిచిన భూమిని ముందుగా ఆక్రమించేది సర్కారు తుమ్మ. దీనినే కొన్ని ప్రాంతాల్లో ఇంగ్లీషు తుమ్మ అని, మరికొన్ని చోట్ల చిల్లచెట్టు అని వ్యవహరిస్తారు. జమైకా నుండి తెప్పించిన ఈ చెట్టు విత్తనాలను 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు ఈనాడు నాలుగైదేళ్ళు బీడుపడిన ఏ పొలంలోనైనా మనిషి దూరలేని కంపగా పెరుగుతున్నది.

ఇటువంటి భూమిని తిరిగి సాగులోకి తేవడానికి రైతులు సాధారణంగా రెండు మార్గాలు అనుసరిస్తున్నారు. డోజరుతో నెట్టించడం మొదటిది. కంపతో పాటు పైపొరలోని సారవంతమైన మట్టి కూడా గట్టుకు చేరడం ఇందులోని నష్టం. నరికి కాల్చడం రెండవది. నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థం దీనివల్ల పొగగా పోతుంది. కంపను నిలిచిన చోటనే నుజ్జుచేసి నేలపై పరచడం మూడవ మార్గం. మల్చర్ అమర్చిన కాంపాక్ట్ ట్రాక్ లోడర్ ఈ పనికి అనువైన యంత్రం. అయితే కొత్త యంత్రం ధర చాలామందికి అందుబాటులో ఉండదు. అందువల్ల రైతు ఉత్పత్తిదారుల సంస్థలు, యంత్రాల అద్దె కేంద్రాలు, పండ్లతోటల యజమానులు పాత యంత్రం వైపు చూడటం సహజం. పదిమంది పొదుపు సొమ్ముతో కొన్న యంత్రం మొదటి వేసవిలోనే షెడ్డుకు చేరితే ఆ సంఘం మళ్ళీ కోలుకోవడం కష్టం. తయారైన సంవత్సరం, మీటరుపై కనిపించే గంటలు, అడిగిన ధర అనే మూడింటినే చూసి నిర్ణయించడం ఇటువంటి నష్టాలకు ప్రధాన కారణం. తొలగించవలసిన మొక్క, హైడ్రాలిక్ సామర్థ్యం, ట్రాక్‌ల స్థితి, యంత్రం చల్లబడే తీరు అనేవి ఆ మూడింటి కన్నా ముందు చూడవలసినవి.

మొక్క స్వభావం – యంత్రం పరిమితి

సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికినంత మాత్రాన అది చావదు. కాండము, వేరు కలిసే మొదలు భాగంలో నేల లోపల నిద్రాణ మొగ్గలు ఉంటాయి. పైభాగం పోగానే అవి మేల్కొని, ఒక కాండం ఉన్నచోట అనేక పిలకలు లేస్తాయి. మల్చర్ ఎంత శక్తిమంతమైనదైనా దాని పని నేల పైభాగానికే పరిమితం. దానిని మట్టిలోకి దించితే పళ్ళు త్వరగా అరుగుతాయి, రాయి తగిలితే విరుగుతాయి. కనుక మల్చర్ ఒక్కదానితోనే సర్కారు తుమ్మ సమస్య తీరుతుందని భావించి పెట్టుబడి పెట్టరాదు.

మొదలును సుమారు 30 సెంటీమీటర్ల లోతు నుండి వేరుతో పెకలించినప్పుడే తిరిగి మొలవడం తగ్గుతుంది. లావు చెట్లు ఉన్నచోట పని వరుస కూడా ముఖ్యమే. కాండం నిలిచి ఉన్నప్పుడే దానిని పట్టుగా చేసుకొని, రైతులు జేసీబీ అని పిలిచే బ్యాక్‌హో లోడరుతో మొదళ్ళను పెకలించాలి. కలపను వంటచెరకుకు, బొగ్గుకు వేరుచేసుకొని, మిగిలిన కొమ్మకంపను మల్చర్‌తో నుజ్జు చేయడం మేలు. ముందే నేలమట్టానికి మల్చింగ్ చేస్తే మొదళ్ళు కనబడవు, పెకలించడానికి పట్టు దొరకదు. పులికంప, రేగు, లేత తుమ్మ వంటి సన్నని పొదలు ఉన్నచోట మల్చర్ నేరుగా నడవవచ్చు. అక్కడ కూడా లేత తుమ్మ మొదళ్ళను ఆ తరువాత విడిగా తవ్వి తీయవలసి ఉంటుంది. కొనబోయే లోడరుకు మొదళ్ళు పెకలించే పరికరాన్ని కూడా అమర్చగలిగితే అది అదనపు ప్రయోజనం.

ట్రాక్ లోడరా, చక్రాల లోడరా, ట్రాక్టరా?

చిన్న లోడరు 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రూపుదిద్దుకున్నది. టర్కీ కోళ్ళ షెడ్డును శుభ్రం చేయడానికి కెల్లర్ సోదరులు దానిని తయారుచేశారు. ఎత్తడం, తిరగడం, దించడం అనే పనుల మధ్య యంత్రానికి విరామం దొరకడం ఆ పని లక్షణం. మల్చింగ్‌లో ఆ విరామం లేదు. ఇంజను, పంపు, మోటారు గంటల తరబడి పూర్తి భారంపై నడుస్తాయి. కాబట్టి ఇటుకలు, ఇసుక ఎత్తడంలో బాగా పనిచేసిన యంత్రం మల్చింగ్‌లో కూడా అలాగే పనిచేస్తుందని అనుకోవడానికి వీలులేదు.

రబ్బరు ట్రాక్‌లకు ముళ్ళ పంక్చరు భయం లేదు. సర్కారు తుమ్మ పొలాల్లో ఇది చిన్న విషయం కాదు. నేలపై పడే ఒత్తిడి కూడా తక్కువ. 4,500 కిలోల యంత్రానికి 40 సెంటీమీటర్ల వెడల్పు, 150 సెంటీమీటర్ల మేర నేలను తాకే రెండు ట్రాక్‌లు ఉంటే, నేలను తాకే వైశాల్యం 12,000 చదరపు సెంటీమీటర్లు, సగటు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.375 కిలోలు. అదే 3,500 కిలోల చక్రాల లోడరు నాలుగు టైర్లు కలిసి 3,000 చదరపు సెంటీమీటర్ల మేర తాకితే ఒత్తిడి దాదాపు 1.17 కిలోలు, అంటే మూడు రెట్లు. ముందు వేలాడే మల్చర్ బరువు వల్ల ట్రాక్ ముందు భాగంపై ఒత్తిడి సగటు కన్నా ఎక్కువగానే ఉంటుంది. అందువల్ల తడి నల్లరేగడిలో ట్రాక్ యంత్రాన్ని కూడా నడపరాదు.

పత్తి కట్టె, కంది కట్టె, సన్నని పొదలు మాత్రమే తొలగించవలసిన రైతుకు లోడరు అవసరం లేదు. 45 నుండి 50 హెచ్‌పీ ట్రాక్టరుకు అమర్చే ష్రెడ్డరు సరిపోతుంది. ఏడాదిలో కొద్ది ఎకరాలే పని ఉన్నప్పుడు అద్దెకు తెచ్చుకోవడమే లాభదాయకం.

హైడ్రాలిక్ సామర్థ్యం

ఇంజను హార్స్‌పవర్ మొత్తం మల్చర్‌కు చేరదు. మల్చర్‌కు అందే శక్తిని హైడ్రాలిక్ నూనె ప్రవాహం, పీడనం నిర్ణయిస్తాయి. నిమిషానికి లీటర్లలో ప్రవాహాన్ని, బార్‌లలో పీడనంతో గుణించి, 600తో భాగిస్తే కిలోవాట్లలో శక్తి వస్తుంది. సాధారణ ప్రవాహం గల యంత్రంలో 80 లీటర్లు, 210 బార్ ఉంటే 28 కిలోవాట్లు, అంటే సుమారు 37.5 హెచ్‌పీ. అధిక ప్రవాహ ఏర్పాటు గల యంత్రంలో 140 లీటర్లు, 240 బార్ ఉంటే 56 కిలోవాట్లు, అంటే సుమారు 75 హెచ్‌పీ. చూడటానికి రెండు యంత్రాలూ ఒకే విధంగా ఉండవచ్చు గాని పనిలో తేడా రెండింతలు. కావున అధిక ప్రవాహ ఏర్పాటు ఉన్నదా, మల్చర్ తయారీదారు కోరిన ప్రవాహానికి అది సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న కావాలి.

పాత యంత్రంలో పుస్తకంలోని అంకెను నమ్మరాదు. పంపు అరిగి, నూనె వేడెక్కిన తరువాత ప్రవాహం ఐదవ వంతు తగ్గిందనుకుంటే 140 లీటర్లు 112 అవుతాయి; శక్తి 56 నుండి 45 కిలోవాట్లకు పడిపోతుంది. తగ్గిన ఆ 11 కిలోవాట్లు పంపు లోపలి లీకేజీ ద్వారా నూనెలో వేడిగా మారుతాయి. వేడెక్కిన నూనె పలుచబడి లీకేజీ మరింత పెరుగుతుంది. ఉదయం చక్కగా పనిచేసిన యంత్రం మధ్యాహ్నానికి చేతకానిదై నిలిచిపోవడానికి ఇదే కారణం. కాబట్టి ఫ్లో మీటరుతో చేసే పరీక్ష నూనె పనివేడికి చేరిన తరువాతనే జరగాలి.

మల్చర్ మోటారు లోపలి నుండి కారే నూనెను ట్యాంకుకు చేర్చే మూడవ గొట్టం, అంటే కేస్ డ్రెయిన్ లైను, లోడరుపై ఉన్నదో లేదో చూడాలి. ఈ గొట్టం అవసరమైన మోటారును అది లేకుండా నడిపితే సీళ్ళు పగిలిపోతాయి.

అవర్ మీటర్ చెప్పేది, చెప్పనిది

గోదాములో 3,000 గంటలు నడిచిన యంత్రం, రాళ్ళ నేలలో 1,500 గంటలు మల్చింగ్ చేసిన యంత్రం కన్నా మెరుగ్గా ఉండవచ్చు. మీటరు కాలాన్ని చెబుతుంది గాని భారాన్ని చెప్పదు. భారం తెలుసుకోవడానికి డీజిల్ ఖాతా ఉపకరిస్తుంది. మొత్తం లీటర్లను గంటలతో భాగిస్తే యంత్రం ఎంత కష్టపడిందో అర్థమవుతుంది. సర్వీసు పుస్తకంలో నూనె, వడపోతలు మార్చిన గంటలు వరుసగా ఉన్నాయా అన్నది రెండవ ఆధారం. పెడళ్ళ అరుగుదల, సీటు స్థితి, చేతి లివర్ల వదులు మీటరులోని అంకెతో పొసగాలి.

ఇంజను నూనె, హైడ్రాలిక్ నూనె, ట్రావెల్ మోటారు గేర్ల నూనె నమూనాలను ప్రయోగశాలకు పంపడం మంచి పద్ధతి. ఇనుము, రాగి రేణువులు ఎక్కువగా ఉంటే లోపలి భాగాలు అరుగుతున్నట్లు. సిలికాన్ ఎక్కువగా ఉంటే దుమ్ము లోపలికి చేరుతున్నట్లు అనుమానించాలి. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు యంత్రం ధరతో పోల్చితే అతి స్వల్పం.

ట్రాక్‌లు, వాటి ఆధార భాగాలు

రబ్బరు ట్రాక్ జీవితం సాధారణంగా సుమారు 1,200 నుండి 1,600 గంటలు. రాళ్ళ నేలల్లోను, పదునైన మోళ్ళు మిగిలిన పొలాల్లోను అది ఇంకా తగ్గుతుంది. ఈ కింది వాటిని వరుసగా పరిశీలించాలి.

• ట్రాక్ వెలుపలి దిమ్మెల ఎత్తు కొత్తదానితో పోల్చితే ఎంత మిగిలి ఉన్నది; రబ్బరు చీలి లోపలి ఉక్కు తీగలు బయటపడ్డాయా. తీగలకు నీరు తగిలి తుప్పుపడితే ట్రాక్ ఏ క్షణాన్నైనా తెగవచ్చు.

• స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపుకు కొక్కెంలా వంగినట్లు అరిగాయా. అరిగిన స్ప్రాకెట్‌పై కొత్త ట్రాక్ వేస్తే కొత్తది కూడా త్వరగా పాడవుతుంది.

• రోలర్లు, ముందు వెనుక ఐడ్లర్లు చేతితో తిప్పితే నిశ్శబ్దంగా తిరుగుతున్నాయా. సీళ్ళ వద్ద నూనె మరకలు ఉన్నాయా.

• సమతల నేలపై వదిలినప్పుడు యంత్రం నేరుగా పోతున్నదా. ఒకవైపుకు లాగితే ట్రావెల్ మోటారు బలహీనపడి ఉండవచ్చు.

ట్రాక్‌లు, స్ప్రాకెట్లు, రోలర్లు అన్నీ ఒకేసారి మార్చవలసిన స్థితిలో ఉంటే ఆ వ్యయాన్ని ధర నుండి తగ్గించి బేరం చేయాలి. అమ్మకందారు అందుకు అంగీకరించకపోతే ఆ యంత్రాన్ని వదులుకోవడమే మేలు.

వేడి, నిప్పు, రక్షణ

మల్చింగ్‌లో ఎండుటాకు, పొట్టు, దుమ్ము మేఘంలా లేచి రేడియేటరును మూసివేస్తాయి. ఫ్యాను తిరిగే దిశను మార్చి చెత్తను బయటకు ఊదే ఏర్పాటు ఉంటే అది విలువైన సౌకర్యం. ఇంజను కింది పళ్ళెం మూత విప్పించి లోపల చూడాలి. నూనెతో తడిసిన ఆకుచెత్త పేరుకొని ఉంటే, ఆ యంత్రం సంరక్షణ ఎలా సాగిందో వేరే చెప్పనవసరం లేదు. పొగగొట్టం వేడికి ఆ చెత్త అంటుకొని యంత్రం మొత్తం కాలిపోయే ప్రమాదం ఉన్నది. ఇంజనుకు మసి వడపోత ఉన్నట్లయితే దానిని శుభ్రపరచుకునే సమయంలో వేడి ఇంకా పెరుగుతుంది. మంటలు ఆర్పే పరికరం లేకుండా వేసవిలో యంత్రాన్ని పొలంలోకి దింపరాదు.

మల్చర్ పళ్ళు విసిరే కట్టెముక్క, రాయి తూటాలా వస్తాయి. కేబిన్ ముందు తలుపుకు మామూలు గాజు కాక సుమారు 12 మిల్లీమీటర్ల మందం గల పాలీకార్బొనేట్ పలక ఉండాలి. పల్టీ నుండి, పైనుండి పడే కొమ్మల నుండి కాపాడే చట్రం వంగకుండా, వెల్డింగు అతుకులు లేకుండా ఉండాలి. పని జరిగేటప్పుడు 90 మీటర్ల లోపు మనుషులు, పశువులు లేకుండా చూడటం అవసరం. కంప కొట్టే చోటుకు కట్టెల కోసం ఊరివారు, మేత కోసం మేకలు చేరడం మన పల్లెల్లో నిత్యం కనిపించేదే. కావున కాపలా మనిషి కూలిని కూడా ఖర్చులో చేర్చాలి.

మల్చర్ హెడ్ పరిశీలన

మల్చర్‌ను లోడరు నుండి వేరుగా పరిశీలించాలి. రోటరును చేతితో తిప్పినప్పుడు బేరింగుల్లో గరగర వినబడరాదు. ఒక పన్ను విరిగినా, బరువులో తేడా ఉన్న పన్ను బిగించినా రోటరు సమతూకం తప్పుతుంది. ఆ అదురు బేరింగులను, లోడరు చేతుల పిన్నులను కూడా దెబ్బతీస్తుంది. పన్ను బిగించే దిమ్మెలు అరిగిపోతే వాటిని మార్చడం పళ్ళు మార్చడం కన్నా ఎంతో ఖరీదు. రాళ్ళ నేలలకు కార్బైడ్ మొన గల పళ్ళు మన్నుతాయి. రాళ్ళు లేని నేలలో పదును గల కత్తిపళ్ళు వేగంగా, సన్నగా నుజ్జు చేస్తాయి. లోడరు చేతులు మల్చర్‌ను పట్టే పలక వద్ద వదులు, పగుళ్ళు ఉన్నాయేమో వెలుతురులో చూడాలి.

పొలంలో పరీక్ష

యంత్రాన్ని చూడటానికి వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచితే చల్లని ఇంజను మొరాయింపు బయటపడదు. స్టార్టు చేసిన తరువాత పొగ రంగును గమనించాలి. నీలిపొగ ఇంజను నూనె కాలుతున్నట్లు, ఆగకుండా వచ్చే తెల్లపొగ డీజిల్ సరిగా కాలకపోవడాన్ని లేదా నీరు చేరడాన్ని సూచిస్తాయి. ఆ తరువాత కనీసం రెండు గంటలు, ఎండ ఉన్న వేళ, నిజమైన కంపలో మల్చింగ్ చేయించాలి. ఇంజను వేడి, నూనె వేడి ఒక స్థాయికి చేరి నిలుస్తున్నాయా లేక ఎక్కుతూనే ఉన్నాయా అన్నది ఈ పరీక్ష సారాంశం. చివరగా చేతులను పైకెత్తి, అడ్డు కర్ర పెట్టిన తరువాతనే, గొట్టాలను, కీళ్ళను దగ్గరగా చూడాలి. నూనె చిమ్ముతున్న చోటును చేతితో తడమరాదు. అధిక పీడనంలోని నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు.

గంటకు అయ్యే ఖర్చు

కింది అంకెలు లెక్క విధానాన్ని తెలపడానికి మాత్రమే. ఇవి మార్కెట్ ధరలు కావు. ఒక యంత్రం 30 లక్షలకు కొని, ఏటా 500 గంటల చొప్పున ఐదేళ్ళు నడిపి, 10 లక్షలకు అమ్మితే తరుగుదల గంటకు 800 రూపాయలు. సగటు పెట్టుబడి 20 లక్షలపై 10 శాతం వడ్డీ గంటకు 400 రూపాయలు. స్థిర వ్యయం 1,200 రూపాయలు. మరొక యంత్రం 22 లక్షలకే దొరికి, తరచు మరమ్మతుల వల్ల ఏటా 250 గంటలే పనిచేసి, ఐదేళ్ళకు 7 లక్షలకు అమ్ముడుపోయిందనుకుందాం. తరుగుదల గంటకు 1,200, వడ్డీ 580, మొత్తం 1,780 రూపాయలు. ఎనిమిది లక్షలు చౌకగా వచ్చిన యంత్రం, మరమ్మతుల బిల్లు చేర్చకముందే, గంటకు 580 రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నది. డీజిల్, ట్రాక్‌లు, పళ్ళు, డ్రైవరు జీతం, రవాణా రెండింటికీ అదనం. కావున విడిభాగాలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో దొరుకుతాయన్నది ధరతో సమానమైన ప్రశ్న. మన రాష్ట్రాల్లో ఈ తరగతి యంత్రాలు జేసీబీల మాదిరిగా ఊరూరా లేవు గనుక ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉన్నది.

ఇంజను సంఖ్య, ఛాసిస్ సంఖ్య అసలు బిల్లుతో సరిపోవాలి. బ్యాంకు రుణం తీరినట్లు పత్రం చేతికి వచ్చేవరకు పూర్తి సొమ్ము చెల్లించరాదు. చెరువు శిఖం, అటవీ సరిహద్దు భూముల్లో పనికి దిగేముందు సంబంధిత శాఖ అనుమతి పొందాలి.

మల్చింగ్ తరువాత నేల యాజమాన్యం

కట్టె పొట్టులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. సూక్ష్మజీవులకు అనువైన నిష్పత్తి సుమారు 25:1 కాగా కట్టెలో అది ఎన్నో రెట్లు అధికం. దీనిని వెంటనే రోటవేటరుతో మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని వాడుకొని, తొలి పంట పసుపుబారుతుంది. కనుక మొదటి వర్షాకాలం పొట్టును నేలపైనే ఉంచాలి. ఎర్ర చల్క నేలల్లో అది వాన చినుకు దెబ్బను తట్టుకొని, పైపొర గట్టిపడకుండా కాపాడి, తేమను నిలుపుతుంది. తప్పనిసరిగా కలపవలసి వస్తే మొదటి పంటగా పప్పుజాతి పైరును ఎంచుకోవడం మంచిది. నుజ్జయిన కంపలో ముళ్ళు మిగిలే ఉంటాయి గనుక, అవి కుళ్ళేవరకు కూలీలు చెప్పులు లేకుండా దిగరాదు. ట్రాక్టరు టైర్ల విషయంలోను జాగ్రత్త అవసరం.

కాయలు పండి రాలక ముందే పని ముగించాలి. పండిన కాయలపై మల్చర్ నడిపితే విత్తనాన్ని మనమే చల్లినట్లవుతుంది. ఆ కాయలను తిన్న పశువుల పేడ ద్వారా విత్తనాలు మరిన్ని పొలాలకు చేరతాయి. ఒక పొలం నుండి మరొక పొలానికి పోయేముందు యంత్రాన్ని, ట్రాక్‌లను శుభ్రం చేయడం ఇందుకే. తొలి రెండేళ్ళు వర్షాల తరువాత పొలమంతా తిరిగి చూసి, లేచిన పిలకలను, మొలకలను వేరుతో తీసివేయాలి.

కాబట్టి పాత యంత్రం విలువను ఎకరాల లెక్కలో చూడవలసి ఉన్నది. అయితే ఆ లెక్కలోకి రావలసినది కంప కొట్టిన ఎకరం కాదు, తిరిగి కంప లేవకుండా పంటకు వచ్చిన ఎకరం. కొనుగోలుకు ముందు సంఘ సభ్యులు తమ పొలాల్లోని చెట్ల లావు, నేల స్వభావం, ఏడాదికి దొరికే పనిగంటలను కాగితంపై రాసుకోవాలి. అవి ఏటా కొన్ని వందల గంటల పనిని చూపకపోతే అద్దె యంత్రాన్నే ఆశ్రయించి, ఆ సొమ్మును మొదళ్ళు పెకలించడానికి, తొలి రెండేళ్ళ పిలకల తొలగింపుకు కేటాయించడం వివేకం.